లోనికి తిరిగిన పడవ

మా ఉక్కు కార్ఖానా ఊరు టాటాలో ఒకప్పుడు సముద్రం ఉండేదని చెబితే మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. నిండా నాలుగు నెలలు కూడా లేదు కానీ, ఉంది. ఎనభై రెండో సంవత్సరం ఫిబ్రవరిలో వచ్చింది, మే నెలలో పోయింది. పోతూ పోతూ మా అమ్మని తీసుకుపోయింది.

అసలు సముద్రం కాదు లెండి. సీతారాండేరాలో మా ఇంటికి ఇరవై నిమిషాల నడకలో ఒక పార్కు ఉండేది. దాని మధ్యలో తవ్వించిన చెరువు. ఆ చెరువు తవ్వినప్పుడు మట్టి మోసినవాళ్ళలో మా అయ్య పోలరాజు ఒకడు. భీమిలి పక్క పల్లెలో వలలు లాగిన మనిషి, అంతకుముందు పార పట్టి ఎరగడు. తవ్వకం అయిపోయాక పార్కు కమిటీ వాళ్ళు అతన్ని మాలీగా ఉంచేసుకున్నారు. పదమూడేళ్ళు గులాబీలకు పాదులు తీశాడు, పచ్చిక కత్తిరించాడు. ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషని వాడలో పేరు. నా చిన్నతనంలో అతను నవ్వగా చూసిన గుర్తు లేదు నాకు.

ఆ పార్కుని ఊరంతా వాడుకునేది. పొద్దున్నే రిటైరైన బాబులు చేతికర్రలు ఊపుకుంటూ నడిచేవారు. కార్తీకంలో బీహారీ ఆడవాళ్ళు నడుంలోతు నీళ్ళలో నిలబడి సూర్యుడికి చేటలెత్తేవారు. అదే నెలలో మన తెలుగువాళ్ళు ఉసిరి చెట్టు కింద వనభోజనాలకి దిగి, కడుపునిండా తిని, ఎంగిలాకులు అక్కడే వదిలేసి పోయేవారు. అవి మా అయ్య ఎత్తేవాడు. పెళ్ళయిన జంటలు ఫౌంటెన్ ముందు ఫోటోలు దిగేవి. పెళ్ళి కాని జంటలు వెదురు పొదల వెనక కూర్చునేవి, వాళ్ళకి ఫోటోల అవసరం లేదు. గేటు దగ్గర మా అమ్మ సింహాచలమ్మ ఉడకబెట్టిన వేరుశనగ కాయలు అమ్మేది. నాకప్పటికి పద్దెనిమిదేళ్ళు. పచ్చికలో కలుపు తీసే ఆడకూలీలతో కలిసి వరసలో గొంతుక్కూర్చుని, వెనక్కి వెనక్కి జరుగుతూ పని చేసేదాన్ని.

ఆ చలికాలం కమిటీలో తోటల ఆఫీసరు నారాయణమూర్తి గారికి ఒక ఆలోచన వచ్చింది. ఆయన కాకినాడ వైపు మనిషి, పెద్ద చదువు చదివినవాడు. కార్ఖానాల్లో పన్జేసే జనానికి సముద్రం చూడ్డానికి పూరీ పోయే తీరికెక్కడిది, సముద్రాన్నే ఇక్కడికి తెచ్చేస్తే పోలేదా అన్నాడట. లారీలకి లారీలు ఖర్కాయ్ నది ఇసక తెచ్చి చెరువుకి ఒక పక్క ఒడ్డంతా పోయించాడు. సిమెంటు గొడుగులు నాలుగు కట్టించాడు. మనిషెత్తు లైట్‌హౌసు ఒకటి కట్టించి నీలం రంగు వేయించాడు. హిందీలో 'బీచ్' అని బోర్డు పెట్టాడు. రెండు రేకు పడవలు తెప్పించి, వాటికి నాలుగేసి గుంజలు బిగించి, పైన రంగురంగుల గుడ్డ కప్పు కట్టించాడు.

ఆ రోజు మేమంతా కలుపు తీస్తున్నాం. ఆయన ఇసక మీద నిలబడి గట్టిగా అడిగాడు.

"మనలో తెడ్డు వెయ్యడం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

మా అయ్య గులాబీల దగ్గర కత్తెర కింద పెట్టి లేచాడు. నడుచుకుంటూ వచ్చి పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. గుడ్డ కప్పుని చేత్తో పట్టి లాగి చూశాడు.

"ఇదేటి బాబూ, పడవకి గొడుగా? గాలొత్తే ఇదే ముంచుతాది."

"నీడకయ్యా, నీడకి. అందంగా కూడా ఉంటుంది. ఇది చెరువు, ఇక్కడ గాలెక్కడిది?"

"చెరువేటి, కుడితి గోలెం," అన్నాడు మా అయ్య. అని నవ్వాడు. అన్నాడే గానీ, ఎక్కే ముందు వంగి ఆ గోలెం నీళ్ళే చేత్తో తీసుకుని నెత్తిన చల్లుకున్నాడు. నేను చూశాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మనిషి మారిపోయాడు. పొద్దున్నే ఎవరూ లేపకుండా లేచేవాడు. ఆదివారాలు బీచ్ కిటకిటలాడిపోయేది. సాక్చి బజారు నుంచి, పర్సుడీహ్ నుంచి రిక్షాల్లో జనం దిగేవారు. ఆడవాళ్ళు చెప్పులు చేత పట్టుకుని ఇసకలో నడిచేవారు. మా అయ్య తెడ్డు వేస్తూ లెక్కలేనన్ని కబుర్లు చెప్పేవాడు. హిందీ అంతంతమాత్రం, అయినా ఆగేవాడు కాదు. సొరచేప ఎంత పొడుగుంటుందో చెప్పడానికి తెడ్డు వదిలేసి రెండు చేతులూ చాచేవాడు. పడవలో ఆడవాళ్ళు కెవ్వుమనేవారు. కలుపు తీస్తూ నేను ఆ గొంతు విని, ఈయన మా అయ్యేనా అనుకునేదాన్ని.

అమ్మ ముఖం కూడా వెలిగిపోయేది. అన్నం పెడుతూ ఎగతాళి చేసేది.

"ఏటి మావా, మళ్ళీ నీ ఒంటికి నీటి వాసనొత్తంది?"

"గోలెం వాసనే."

"గోలెమైనా నీరే గదా."

"అయితే నువ్వెక్కవేటి? టాటాలో ఉన్న ఆడోళ్ళందరూ ఎక్కినారు. నా పెళ్ళామే ఎక్కలేదు."

అమ్మ ఎక్కేది కాదు. మా పల్లెలో ఇంటి ఆడది పడవ మీద కాలు పెట్టకూడదు. వల దాటకూడదు. ఒడ్డున నిలబడి పడవ వచ్చేదాకా చూడాలి, అంతే. అమ్మ చిన్నప్పటి నుంచి చేసింది అదే. గాలి లేచిన రోజున ఏ పడవ ఎలా తిరుగుతోందో ఒడ్డు నుంచే చూసి ఎవరిదో చెప్పగలిగేది. ఒకసారి నాతో అంది. "గాలికి తిరిగిపోయిన పడవని ఒడ్డునున్న ప్రెతీ ఆడదీ సూత్తాది గుంటా. అలగ తిరిగిపోతే ఆడి సేతికి మళ్ళీ ఎవడూ తెడ్డివ్వడు. మీ అయ్య పడవ ఒక్కనాడూ తిరగలేదు." ఆ మాట చెప్పేటప్పుడు అమ్మకి ఎంత గర్వమో.

నాకు ఇవన్నీ పిచ్చిగా తోచేవి. నేను పెరిగింది టాటాలో. అమ్మ తెలుగులో అడిగితే నేను హిందీలో జవాబు చెప్పేదాన్ని.

వైశాఖంలో ఒక ఆదివారం సాయంత్రం నాకు మొండితనం పట్టుకుంది. ఉక్క పోసేస్తోంది. జనం పలచబడ్డారు. అయ్య ఖాళీ పడవలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నేను గేటు దగ్గరికి పోయి అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"చలో అమ్మా. ఒక్క చక్కర్. ఎవరూ లేరు చూడటానికి."

"ఒలమ్మో, నానెక్కను. ఒదులు."

"అరే, ఇది సముద్రమా? గోలెం అని అయ్యే అన్నాడు కదా! గోలెంలో ఎక్కితే ఏటౌతాది?"

అమ్మ అయ్య వైపు చూసింది. అయ్య బీడీ పారేసి లేచి నిలబడ్డాడు. చెయ్యి చాచాడు, అంతే. ఆ వయసులో మా అమ్మ సిగ్గుపడింది. నలభై దాటిన ఆడది కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం నేను అప్పుడే చూశాను. కాయల కుండ మీద తడిగుడ్డ కప్పి, గేటు దగ్గర టిక్కెట్లిచ్చే ఆదిబాబుకి అప్పజెప్పింది. ఇసక మీద చెప్పులు విడిచి, పడవ అంచుని కళ్ళకద్దుకుని ఎక్కింది.

ఒడ్డు నుంచి ఇరవై బారలు కూడా పోలేదు మేము. అమ్మ చెయ్యి నీళ్ళలో పెట్టి ఆడిస్తోంది. అయ్య మెల్లిగా తెడ్డేస్తూ ఆమెనే చూస్తున్నాడు. అప్పుడు దల్మా కొండల వైపు ఆకాశం నల్లగా అయింది. ప్రతి వైశాఖంలోనూ మాకది ఉండేదే, కాల్‌బైశాఖీ అంటారు ఇక్కడ. పావుగంట పెనుగాలి, ఆ తరవాత వాన. పదమూడేళ్ళుగా అయ్య దాన్ని చెట్ల కింద నిలబడి చూశాడు. నీళ్ళ మీద ఎప్పుడూ చూడలేదు.

గాలి ఒక్కసారిగా వచ్చి పడింది. ఇసక లేచి ముఖాన కొట్టింది. గేటు నుంచి పరిగెత్తుకొచ్చి ఒడ్డు మీంచి ఆదిబాబు "ఇధర్! ఇధర్!" అని అరుస్తున్నాడు. ఒడ్డుకి తిప్పి పది తెడ్లు వేస్తే చాలు. పడవ బోల్తా పడినా అక్కడ గుండెలోతు నీళ్ళే. నాకు తెలుసు, ఆదిబాబుకి తెలుసు, కలుపు తీసే ఆడవాళ్ళందరికీ తెలుసు.

మా అమ్మ లేచి నిలబడినంత పని చేసింది.

"ఒడ్డుకొద్దు మావా! లోనికి! లోనికి తిప్పు!"

అయ్య అప్పటికే తిప్పుతున్నాడు. పడవ ముక్కుని గాలికి ఎదురుగా పెట్టి, చెరువు మధ్యకి తెడ్డేశాడు. సముద్రం మీద గాలి లేస్తే ఎవరూ ఒడ్డుకి రారు. ఒడ్డు దగ్గరే అల విరుగుతుంది, పడవ పగులుతుంది, మనుషులు పోయేదక్కడే. లోతుకి పోయినవాడు బతుకుతాడు. వాళ్ళిద్దరికీ అది ఊపిరి తీసుకోవడమంత మామూలు సంగతి. చెరువులో అల విరగదని ఆ నిమిషంలో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

మధ్యకి పోయాక గుడ్డ కప్పు గాలితో నిండింది. పడవ పక్కకి ఒరిగి బోర్లా పడింది. నేను పడవ వీపు పట్టుకుని వేలాడాను. అయ్య మునిగి తేలాడు, మళ్ళీ మునిగాడు. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. అమ్మ ఆ గుడ్డలో చిక్కుకుపోయింది.

ఒడ్డుకి తెచ్చేసరికి గాలి ఆగిపోయింది. వాన కూడా సరిగ్గా పడలేదు. ఎండ కాసింది. అమ్మని ఇసక మీద పడుకోబెట్టి ఎవరెవరో ఏదేదో చేశారు. అయ్య ఆమె పాదాల దగ్గర కూర్చుని ఆ పాదాలకంటిన ఇసక దులుపుతున్నాడు. అంటుకున్నది దులపడం, మళ్ళీ అంటుకోవడం. నేను చూడలేక గేటు దగ్గరికి వచ్చేశాను. ఎందుకొచ్చానో తెలియదు. కుండ మీద తడిగుడ్డ అలాగే ఉంది. లోపల కాయలు ఇంకా వెచ్చగా ఉన్నాయి.

సైకిలు మీద ఎవరో ఒకాయన ఆగాడు. అతనికేమీ తెలియదు.

"మూంగ్‌ఫలీ హై? చార్ ఆనేకా దేనా."

నేను కాగితం పొట్లం చుట్టి, కాయలు పోసి ఇచ్చాను. కొసరు కూడా వేశాను. అతను పావలా ఇచ్చి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ నాకు దాని మీదే ఒళ్ళు మండుతుంది. తల్లి శవం అక్కడ పెట్టుకుని కాయలమ్మిన కూతురు ఎక్కడైనా ఉంటుందా! కానీ అప్పుడు ఏమీ అనిపించలేదు. చేతులు వాటంతట అవే చేశాయి.

ఏడుపు రాలేదు. పదకొండో రోజు గడిచింది, రాలేదు. పక్కింటి చిలకమ్మ వచ్చి నన్ను పట్టుకుని "ఏడవ్వే గుంటా, ఏడవ్వే, ఇలగుంటే మతి పోద్ది" అని తనే బోరుమని ఏడ్చి పోయింది. నేను ఆమెకి మంచినీళ్ళిచ్చాను. ఎక్కమని చెయ్యి పట్టి లాగింది నేను. ఆ మాట నాతో ఎవరూ అనలేదు. అయ్య కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

పెద్దకర్మ అయిన మర్నాడు మమ్మల్ని పార్కు ఆఫీసుకి రమ్మన్నారు. అయ్యని వరండాలో కూర్చోబెట్టి, నన్ను ముందు లోపలికి పిలిచాడు నారాయణమూర్తి గారు. ఆయన ముఖం పీక్కుపోయి ఉంది. పాపం, చెడ్డవాడు కాదు. అమ్మ దినాలకి బియ్యం పంపినవాడు.

"కూర్చో అమ్మా. ఒక్క మాట అడుగుతాను, జాగ్రత్తగా విని చెప్పు. మీ నాన్నే పడవని లోపలికి తిప్పాడని ఆదిబాబు అంటున్నాడు. అలా రాస్తే పోలరాజు ఉద్యోగం ఉండదు. పోలీసుల దాకా కూడా పోవచ్చు. గాలికి పడవ తిరిగిపోయిందంటే ఎవరి తప్పూ ఉండదు. నువ్వు పడవలో ఉన్నావు. నువ్వేం చెబితే అదే రాస్తాను."

పైన పంకా తిరుగుతోంది. బల్ల మీద కాగితం ఎగరకుండా ఆయన రంగురాయి ఒకటి పెట్టాడు. అమ్మ అరిచిన అరుపు నా చెవిలోనే ఉంది. అది చెబితే ఏమౌతుంది? తిప్పమన్నది ఆవిడే అని రాసుకుంటారు. చచ్చిపోయిన మనిషి మీద తప్పు పెట్టినట్టవుతుంది. అసలు తిప్పలేదంటే ఏ గొడవా ఉండదు. ఉన్న ఒక్క మనిషి పని పోకుండా చూసుకోవాలి. నేను ఆలోచించింది అంతే.

"గాలే బాబూ," అన్నాను. "గాలే తిప్పీసింది."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. రాశాడు. నేను సంతకం పెట్టాను. తరవాత అయ్యని పిలిచి నిలబెట్టి, రాసింది చదివి వినిపించాడు. "గాలి ఉధృతికి పడవ అదుపు తప్పి దానంతటదే చెరువు మధ్యకు తిరిగిపోయినది."

"మీ అమ్మాయి చెప్పింది పోలరాజూ. అంతేనా?"

అయ్య నా వైపు చూశాడు. కోపంగా చూడలేదు. ఎవరో తెలియని మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు చూశాడు.

"అంతే బాబూ," అన్నాడు.

వేలిముద్ర వేశాడు. తలకి చుట్టుకున్న గుడ్డ విప్పి వేలు తుడుచుకుని బయటికి నడిచాడు.

ఉద్యోగం నిలబడింది. మళ్ళీ గులాబీలు, మళ్ళీ కత్తెర. అయ్య నాతో మాట్లాడటం మానేశాడు. పోట్లాట కాదు అది. అన్నం పెడితే తినేవాడు, నీళ్ళిస్తే తాగేవాడు. నేనున్న దిక్కు చూసేవాడు కాదు. నేనూ పచ్చికలో వెనక్కి వెనక్కి జరుగుతూ కలుపు తీశాను. సాయంత్రాలు కాయలు ఉడకబెట్టి గేటు దగ్గర కూర్చున్నాను. ఉప్పు ఎక్కువైందని ఒకరిద్దరు అన్నారు. నాకు రుచి తెలిసేది కాదు.

అమ్మ పోయిన రోజునే మూసేసిన బీచ్‌ని జూన్‌లో వానలు మొదలయ్యాక కమిటీ వాళ్ళు పూర్తిగా ఎత్తేశారు. బోర్డు పీకేశారు. ఒక పడవని ఎవరో కొనుక్కుపోయారు. బోర్లా పడిన పడవని మాత్రం ఎవరూ కొనలేదు. దాన్ని ఇసకలో పెట్టి, మట్టి నింపి, పూలమొక్కలు వెయ్యమన్నారు. జనం పక్కన నిలబడి ఫోటోలు దిగడానికి బాగుంటుందట. ఆ పని మా అయ్యకే చెప్పారు. ఎవరూ కావాలని చెయ్యలేదు, ఆ పక్క మాలీ అతనే మరి.

మర్నాడు పొద్దున్నే నేను మట్టి తట్టలు మోసే వరసలో ఉన్నాను. ముక్కు దారి వైపు ఉండేలా పడవని పెట్టించి పోయాడు ఆదిబాబు, వచ్చేవాళ్ళకి ఎదురుగా కనపడాలని. మేము మొదటి తట్టలు తెచ్చేసరికి అయ్య ఒక్కడే పడవకి భుజం పెట్టి నెడుతున్నాడు. అది కదలడం లేదు. రేకు పడవే గానీ బరువు.

నేను తట్ట దించి వెళ్ళి రెండో పక్క పట్టుకున్నాను. మిగతా ఆడవాళ్ళు కూడా వచ్చారు. అందరం కలిసి తోశాం. ఇసకలో గీరుకుంటూ తిరిగి, దాని ముక్కు చెరువు మధ్య వైపుకి వచ్చాక అయ్య చెయ్యెత్తి ఆగమన్నాడు. మిగతావాళ్ళు తట్టల కోసం పోయారు. ఇద్దరమే మిగిలాం.

"గాలి తిప్పలేదు," అన్నాడు పడవ వైపే చూస్తూ. నెల తరవాత నాతో అన్న మొదటి మాట అది.

"నాకు తెలుసు అయ్యా."

"మరలగెందుకు సెప్పినావు?"

"నీ పని పోతాదని."

అయ్య పడవ అంచు మీద కూర్చున్నాడు.

"మీ అమ్మ పెళ్ళైన కాడ్నుంచీ ఒడ్డునే నిలబడి సూసింది. ఎన్ని పడవలు ఒడ్డుకాడ ఇరిగిపోనాయో దానికి తెలుసు. నా పడవలో ఒక్క పాలి కూకుంది. ఒక్క మాట సెప్పింది. నాను తిప్పినాను. అది తప్పైతే ఇద్దరి తప్పూని, ఇద్దరం సేసిందే." పడవ అంచుని అరచేత్తో నిమిరాడు. "నువ్వు మీ అమ్మ మాటని గాలి సేసీసినావు గుంటా."

ఆఫీసులో ఆ పూట నేను అయ్య పని కాపాడాననుకున్నాను, అమ్మ మీద మాట రానివ్వలేదనుకున్నాను. ఆ కాగితంలో మా అమ్మ నోరెత్తనే లేదు, మా అయ్య తెడ్డు వెయ్యనే లేదు. ఇద్దరూ ఊరికే కొట్టుకుపోయారు.

"ఎల్లి బాబుగారికి ఉన్నదున్నట్టు సెప్పీనా అయ్యా?"

"ఒద్దు. తినాల గదా మనం."

లేచాడు. పార అందుకుని నాకిచ్చాడు. అప్పుడు కూడా ఏడుపు రాలేదు నాకు. మట్టి ఎత్తి పడవలో పోశాను. ఇద్దరం పోశాం, అంచుల దాకా. మధ్యాహ్నం ఆదిబాబు వచ్చి "అరే, ఇటు తిప్పేశారేంటి?" అని గొణిగాడు గానీ, మట్టి నిండిన పడవని మళ్ళీ తిప్పడం ఎవరి తరం? వదిలేశాడు.

అయ్య ఇంకో తొమ్మిదేళ్ళు ఆ మొక్కలకి నీళ్ళు పోశాడు. ఇప్పుడు అతనూ లేడు. రేకు తుప్పు పట్టింది, బంతిపూలు మాత్రం ఏటా వేస్తారు. ఆదివారాలు జనం ఆ పడవ పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ఫోటోలో పడవ వెనక భాగమే పడుతుంది. అందరికీ వీపు పెట్టి, అది చెరువు మధ్యకే చూస్తుంటుంది. దీన్ని ఇలా ఎందుకు పెట్టారని ఎవరైనా అడిగితే చెబుదామని ఉంటుంది నాకు, గాలి కాదు, మా అమ్మ తిప్పమందని. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.